అద్దె ఇల్లు: మన చేతిలో లేనివే ముందు చూడాలి

సొంత ఇంట్లో కిటికీ చాలకపోతే పెద్దది పెట్టించుకుంటాం. నీళ్లు సన్నగా వస్తే పైపులే మార్పించుకుంటాం. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. ఇల్లు చూసే పద్ధతి మొత్తం మారిపోవడానికి ఈ ఒక్క తేడా చాలు. అయినా అద్దె ఇంటి కోసం తిరిగేవాళ్లలో ఎక్కువమంది కొనబోయే ఇంటిని చూసినట్టే చూస్తారు. గదులెన్ని, నేల నున్నగా ఉందా, వంటింట్లో అల్మారాలున్నాయా, రంగు కొత్తగా వేశారా అంటూ. కంటికి ముందు ఆనేవి అవే మరి. కాపురం పెట్టాక రోజూ సతాయించేవి వేరే ఉంటాయి: ధార పడని షవరు, రాత్రి పదింటికి కూడా వేడి దిగని పడకగది, బీరువా వెనక పుట్టే బూజు, పిల్లల బడికి పట్టే ముప్పావుగంట.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. తర్వాత మార్చుకోగలిగిన వాటికి మార్కులు వేయకండి. పరదాలు, బల్బులు, అరలు, ఆఖరికి రంగు కూడా వచ్చాక చూసుకోవచ్చు. చోటు, నీళ్లు, ఎండ, గాలి, చెమ్మ, చప్పుడు, తలుపుల వెడల్పు మాత్రం మన చేతిలో ఉండవు. వీటిలో కొన్ని ఓనరు చేతిలో కూడా ఉండవు. ఇల్లు చూడటానికి వెళ్లిన అరగంటా వీటికే ఖర్చుపెట్టాలి. వీలైన ప్రతిచోటా చూసి ఊరుకోకుండా కొలవాలి.

మొదటి కొలత ఇంటి గడప తొక్కకముందే మొదలవుతుంది. ఇంట్లో ఎవరు ఎక్కడికి, ఏ వేళకు వెళ్తారో కాగితం మీద రాయండి. ఒకరికి ఆఫీసు 40 నిమిషాలు, ఇంకొకరికి 15, బడి 25 అనుకుందాం. మొత్తం 80 నిమిషాలు, రానూపోనూ 160, వారానికి అయిదు రోజులకు 800. అంటే 13 గంటల 20 నిమిషాలు. చిన్నపిల్లలను దింపి రావాలంటే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. దింపేవాళ్లు దింపి వెనక్కి రావాలి, మళ్లీ వెళ్లి తీసుకురావాలి. వాళ్లకు బడి ఒక్కటే రోజుకు నాలుగు ప్రయాణాలు. ఇప్పుడు ఇంకో ఇల్లు చూశారు. ఒక గది ఎక్కువ, అద్దె కాస్త తక్కువ, కాకపోతే ముగ్గురికీ తలా 10 నిమిషాలు దూరం. పది నిమిషాలే కదా అనిపిస్తుంది. వారానికి 300 నిమిషాలు, అంటే అయిదు గంటలు. ఏడాదిలో 48 వారాలు వేసుకున్నా 240 గంటలు, పగలూ రాత్రీ కలిపి పది రోజులు. ఆ ఎక్కువ గది ఏడాదికి పది రోజుల విలువ చేస్తుందా అన్నది అసలు ప్రశ్న.

మనుషులు ఈ బేరంలో తరచూ మోసపోతారు. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన కుటుంబాల సమాచారం తీసుకుని 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. దూరం నుంచి పనికి వెళ్లేవాళ్లు ఆ కష్టానికి బదులుగా మంచి ఇల్లో, మంచి జీతమో పొంది సంతృప్తిలో మిగతావాళ్లతో సమానంగా ఉండాలి. తీరా చూస్తే ప్రయాణం పెరిగేకొద్దీ వాళ్ల జీవన సంతృప్తి తగ్గుతూ పోయింది. పెద్ద గది కొన్ని వారాల్లో కంటికి అలవాటైపోతుంది. రోడ్డు మీద నిలబడిపోవడం అలవాటు కాదు, ప్రతి రోజూ కొత్తగానే విసిగిస్తుంది.

ఈ లెక్క నుంచే ఇంకో మాట పుడుతుంది: పిల్లలుంటే బడి సీటు ఖాయమయ్యాకే ఇల్లు వెతకాలి. "ముందు ఇల్లు చూసుకుందాం, బడి దగ్గర్లో ఏదో ఒకటి దొరకదా" అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఖాళీ ఇళ్లు ప్రతి నెలా వస్తుంటాయి, బడిలో సీట్లు ఏడాదికోసారి తెరుచుకుంటాయి. అరుదుగా దొరికేదాన్ని ముందు పట్టుకోవాలి. ప్రయాణానికి పట్టే సమయాన్ని కూడా మ్యాపులో అప్పటికప్పుడు కనిపించే అంకెను బట్టి నమ్మొద్దు. బయలుదేరే వేళ పనిరోజు పొద్దున్నకు మార్చి చూడండి, కుదిరితే ఒకరోజు అదే వేళకు ఆ దారిలో వెళ్లిరండి. తిరుగు ప్రయాణం విడిగా చూడాలి, చాలాచోట్ల సాయంత్రమే ఎక్కువ సేపు పడుతుంది.

ఇక వెతుకులాట ఎప్పుడు మొదలుపెట్టాలి? మారాల్సిన తేదీకి ఎనిమిది వారాల ముందు ప్రాంతాలు తేల్చుకుంటే చాలు. ఇళ్లు చూడటం మాత్రం ఆఖరి నాలుగైదు వారాల్లోనే. ఖాళీ అయిన ఇంటిని ఏ ఓనరూ రెండు నెలలు మన కోసం అట్టే పెట్టడు. ఇప్పుడున్న ఇంటికి నోటీసు ఎంత ముందు ఇవ్వాలో పాత అగ్రిమెంటులో చూసుకుని, రెండు ఇళ్ల అద్దె ఒక వారం పది రోజులు కలిసేలా పెట్టుకోండి. ఆ పది రోజుల అద్దె దండగ అనుకునేవాళ్లు చాలామంది. ఆ గడువు లేకపోతే ఒక్క రోజులోనే పాతది ఖాళీ చేసి, కొత్తది కడిగించి, సామాను దించాలి. కొత్త ఇంట్లో గీజరు పనిచేయడం లేదని తెలిసేది కూడా ఆ రాత్రే.

వేరే ఊరి నుంచి వచ్చేవాళ్లు ఫొటోలు చూసి అగ్రిమెంటు చేసుకోవద్దు. రెండు మూడు వారాలకు సామాన్లున్న గది ఏదైనా తీసుకుని, కుటుంబంలో ఒకరైనా ముందుగా వెళ్లి ఇళ్లు చూడటం ఎంత ఖర్చయినా నయమే. అదీ కుదరకపోతే లైవ్ వీడియో కాల్ అడగండి. ముందే తీసిన వీడియో పనికిరాదు. వీధిలో ఇంటి నంబరు దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా ప్రతి గదికీ వెళ్లమనండి, పంపులు తిప్పమనండి, కిటికీ తీసి బయటికి చూపించమనండి. మార్కెట్ కంటే బాగా తక్కువ అద్దె, "నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అనే ఓనరు, "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఈ రాత్రికే అడ్వాన్సు వేయండి" అనే తొందర: మూడూ ఒకేచోట కలిస్తే అక్కడ అద్దెకు ఇల్లే లేదనుకోవచ్చు. ఇంటి లోపలికి వెళ్లి చూడకుండా, ఇచ్చేవాడికి ఆ ఇంటి మీద హక్కుందని తేలకుండా పైసా కదపకూడదు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఒక టేపు, 10 లీటర్ల బకెట్, టార్చి, టిష్యూ కాగితం, ఫోన్ చార్జరు తీసుకెళ్లండి. బకెట్ మోసుకెళ్లడానికి మొహమాటపడొద్దు, అన్నిటికంటే ఎక్కువ నిజం చెప్పేది అదే. బాత్రూంలో పంపు పూర్తిగా తిప్పి, బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడండి. నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్లు. మామూలు షవరుకు 8 నుంచి 10 లీటర్ల ధార ఉంటే హాయి. రెండున్నర నిమిషాలు పట్టిందంటే 4 లీటర్లే, తలకు రాసుకున్న షాంపూ కూడా సరిగా పోదు. ఇంతటితో ఆపొద్దు. వంటింటి పంపు తిప్పి, టాయిలెట్ ఫ్లష్ చేసి, అవి నడుస్తుండగానే బకెట్ మళ్లీ నింపండి. ముందు నిమిషం పట్టింది ఇప్పుడు మూడు నిమిషాలైతే, నలుగురున్న ఇంట్లో ప్రతి పొద్దునా జరగబోయేది అదే.

కారణం తెలిస్తే బాగుపడుతుందో లేదో తెలుస్తుంది. ఒక్క పంపులోనే సన్నగా వస్తే దాని మూతి జల్లెడలో సున్నం పట్టి ఉంటుంది, విప్పి కడిగితే సరి. ఇల్లంతా సన్నగా వస్తే పైపుల లోపమో, ఎత్తు లెక్కో. పైకప్పు మీద ట్యాంకు నుంచి నీళ్లు దిగే భవనాల్లో ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి వస్తుంది. ట్యాంకు నీటిమట్టం షవరు కంటే 2 మీటర్లే పైన ఉంటే ఒత్తిడి 0.2 బార్ మాత్రమే. చాలా వాషింగ్ మెషిన్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ దాకా అడుగుతాయి. అందుకే పై అంతస్తులో యంత్రం గంటన్నర పనిని మూడు గంటలు చేస్తుంది, లేదా నీళ్లు రావడం లేదని ఆగిపోతుంది. ఇది ప్లంబరు వచ్చి బాగుచేసేది కాదు. ఒత్తిడి పెంచే మోటారు ఉందా, కరెంటు పోతే అదీ ఆగిపోతుందా అని అడగండి.

ఒత్తిడి తర్వాత నాణ్యత. పంపుల చుట్టూ, షవరు చిల్లుల్లో తెల్లటి పెంకు కట్టి ఉంటే నీళ్లు గట్టివి. గీజరు లోపల కూడా అదే పెంకు పేరుకుని, నీళ్లు కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే, చేతిలో పట్టే టీడీఎస్ మీటరు ఉంటే ముంచి చూడండి. లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచికి బాగానే ఉంటాయని, 1000 దాటితే తాగబుద్ధి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ మీటరు కరిగిన లవణాలనే చూపిస్తుంది, సూక్ష్మజీవుల సంగతి చెప్పదు. తక్కువ అంకె చూసి మంచి నీళ్లనుకోకండి. ఏడాదిలో నీళ్లకు కటకట ఏ నెలల్లో వస్తుందో, అప్పుడు ఎన్ని గంటలు వస్తాయో ఓనరును కాదు, పక్కింటివాళ్లను అడగాలి.

బాత్రూంలో మురుగు కంపు కొడితే వెంటనే ఇంటిని కొట్టిపారేయొద్దు. నేల మీద జాలీ కింద వంపులో సుమారు 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచి, మురుగు గాలి పైకి రాకుండా అడ్డుపడుతుంది. ఇల్లు కొన్ని వారాలు ఖాళీగా ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ప్రతి జాలీలో ఒక లీటరు నీళ్లు పోసి, కిటికీ తీసి, మిగతా ఇల్లంతా చూసి గంట తర్వాత రండి. కంపు పోతే అది ఖాళీగా ఉన్నందువల్లే. అప్పటికీ ఉంటే పైపుల్లోనే లోపం ఉంది.

చెమ్మ విషయంలో మన ముక్కే మంచి పరికరం, కానీ అది పనిచేసేది లోపలికి అడుగుపెట్టిన మొదటి కొన్ని క్షణాలే. ఆ తర్వాత వాసనకు అలవాటుపడిపోతుంది. కాబట్టి తలుపు తీయగానే మాట్లాడటం ఆపి గాలి పీల్చండి. సువాసన స్ప్రే ఘాటుగా కొట్టారంటే దేన్నో కప్పుతున్నారేమోనని చూడండి. ఇంట్లో మూడు గోడలు పాతగా ఉండి నాలుగోది మాత్రమే కొత్త రంగుతో మెరుస్తుంటే ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడండి. టార్చిని గోడకు ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పట్టుకుంటే, ఎదురుగా చూస్తే కనబడని ఉబ్బులు, పెచ్చులు నీడలుగా తేలతాయి.

చెమ్మలన్నీ ఒకటి కావు. నేల నుంచి ఎక్కే చెమ్మ గోడ కింది భాగంలో, సాధారణంగా మీటరు ఎత్తు లోపల కనిపిస్తుంది. తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. వాన వల్ల వచ్చేది బయటి గోడ మీదో కిటికీ కిందో మరకలా మొదలై వాన పడ్డప్పుడల్లా పెరుగుతుంది. సీలింగు మీద అంచు గోధుమరంగులో ఉన్న మరక పైనున్న బాత్రూం కారుతోందని చెబుతుంది. ఆ బాత్రూం వేరేవాళ్లది కాబట్టి బాగుచేయడానికి ఓనరు కూడా ఇంకొకరిని బతిమాలాలి. నాలుగోది లోపలి ఆవిరి చల్లటి మూలల్లో చేరి పెట్టే నల్లటి చుక్కలు. కిటికీలు తీసి, ఎగ్జాస్టు ఫ్యాను వేసి, సామాను గోడకు కొంచెం ఎడంగా జరిపి మనం కొంతవరకు అదుపు చేయగలిగేది ఈ నాలుగోది ఒక్కటే. మొదటి మూడిటిలో ఏది ఉన్నా ఆ ఇంటికి "రంగు వేయిస్తాం" అన్న హామీ సరిపోదు, చెమ్మ ఆ రంగును మళ్లీ తోసేస్తుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు ఉబ్బసం, దగ్గు, ఆయాసం లాంటి శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో మార్గదర్శకాలే ఇచ్చింది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఈ విషయంలో బేరమే వద్దు. వాన కురిసిన మర్నాడు చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు.

ఎగ్జాస్టు ఫ్యానుకు పరీక్ష తేలిక. ఫ్యాను వేసి టిష్యూ కాగితం ఆనిస్తే అంటుకుని నిలబడాలి. జారిపడితే అది చప్పుడే చేస్తోంది, గాలి లాగడం లేదు.

ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది. పడకగదుల బయటి గోడలు ఎటు చూస్తున్నాయో రాసుకోండి. పడమటి గోడ మధ్యాహ్నమంతా కాగి, మందపాటి ఇటుకదైతే ఆ వేడిని కొన్ని గంటల తర్వాత లోపలికి వదులుతుంది. పొద్దున పదింటికి చూసినవాళ్లకు చల్లటి గది, రాత్రి పడుకునేవాళ్లకు కొలిమి. పైకప్పు నేరుగా ఎండకు తగిలే ఆఖరి అంతస్తు సంగతీ అంతే. చలి ప్రదేశమైతే లెక్క తిరగబడుతుంది, అక్కడ ఎండ పడే గదే వరం. ఏదైనా సరే, నచ్చిన ఇంటిని రెండుసార్లు చూడాలి: పగలు ఒకసారి, సాయంత్రం ఎండ దిగాక ఒకసారి. ఆ రెండోసారి పడకగది తలుపు వేసుకుని అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. లిఫ్టు యంత్రం, నీళ్ల మోటారు, జనరేటరు, పై ఇంటి నడకలు, రోడ్డు మలుపులో హారన్లు అన్నీ అప్పుడే వినిపిస్తాయి. పడకగదిలో రాత్రి చప్పుడు 30 డెసిబెల్స్ దాటకుండా ఉంటే నిద్రకు మంచిదని 1999 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఫోన్ యాప్‌లు కచ్చితంగా కొలవలేవు, రెండు ఇళ్లను పోల్చడానికి మాత్రం అక్కరకొస్తాయి. అదే గదిలోంచి ఒక ఫోన్ కాల్ కూడా చేసి చూడండి.

ఇప్పుడు చెప్పబోయేవి రెండు మూడే, కానీ వీటిలో తేడా ఉంటే నేనైతే అక్కడే వెనక్కి తిరుగుతాను. ఒకటి, గ్యాస్ గీజరు. పొగ బయటికి పోయే గొట్టం లేకుండా మూసిన బాత్రూంలో బిగించి ఉంటే అది ప్రాణాంతకం. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తీసేసి వేరేది పెడతామని రాసిస్తేనే ముందుకు వెళ్లాలి. రెండు, బాల్కనీ. కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటితే చిన్నపిల్లల శరీరం దూరవచ్చు. అడ్డ కమ్మీలుంటే అవి వాళ్లకు నిచ్చెన. పిట్టగోడ ఎత్తు మీటరుకు తగ్గకూడదు. మూడు, కరెంటు. మెయిన్ బోర్డులో టెస్ట్ బటన్ ఉన్న స్విచ్ ఉందా చూడండి. షాక్ కొట్టినప్పుడు సరఫరా ఆపేసేది అదే, 30 మిల్లీఆంపియర్ల రకం ఉండాలి. ఓనరు ముందే బటన్ నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది అలంకారమే.

కరెంటుకు ఇంకో చిన్న లెక్క ఉంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. 1500 వాట్ల ఏసీ 6.5, 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి 8. మూడూ కలిస్తే 23 దాటుతుంది. మెయిన్ స్విచ్ 20 ఆంపియర్లదైతే పొద్దున్నే పడిపోతూ ఉండొచ్చు. ఓనరును అడగక్కర్లేదు, ఆ అంకె స్విచ్ మీదే ఉంటుంది.

టేపు ఎందుకంటే సామాను కోసం. బయలుదేరే ముందే మంచం, ఫ్రిజ్, బీరువా, సోఫా, వాషింగ్ మెషిన్ల పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. ద్వారం కొలిచేటప్పుడు చాలామంది చట్రం నుంచి చట్రానికి కొలుస్తారు. తలుపు తెరిచి నిలబెడితే దాని మందం, బందులు కలిసి నాలుగైదు సెంటీమీటర్లు తినేస్తాయి. తెరిచిన తలుపు నుంచి ఎదుటి చట్రం దాకా ఉన్నదే నిజమైన వెడల్పు. ఇంటి తలుపు పట్టినా మెట్ల మలుపులో సోఫా తిరగకపోవచ్చు, కాబట్టి లిఫ్టు తలుపు, లిఫ్టు లోతు, మెట్ల మలుపు కూడా కొలవాలి. మంచం వేశాక నడవడానికి 60 సెంటీమీటర్లు మిగలని గదిని పడకగది కింద లెక్కపెట్టొద్దు.

ఎన్ని ఇళ్లు చూస్తే చాలు? వరసగా వచ్చే అవకాశాల్లో వదిలేసినది మళ్లీ దొరకదనుకుంటే, మొదటి 37 శాతం ఊరికే చూసి, ఆ తర్వాత వాటన్నిటికంటే మెరుగైనది రాగానే పట్టుకోవాలని గణితం చెబుతుంది. పన్నెండు ఇళ్లు చూడగలిగితే మొదటి నాలుగూ పాఠం కోసమన్నమాట. నాకు మాత్రం కుటుంబానికి ఇంకో దారి మంచిదనిపిస్తుంది. ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1956లో చెప్పినట్టు, అన్నిటికంటే గొప్పదాని కోసం వెతక్కుండా, కావలసిన హద్దులు ముందే గీసుకుని వాటిని దాటిన మొదటిదాన్ని తీసుకోవడం. ఆ హద్దులు కాగితం మీద ఉండాలి: వారానికి ఇన్ని గంటల ప్రయాణం, నిమిషానికి ఇన్ని లీటర్ల నీళ్లు, మొదటి మూడు రకాల చెమ్మ అసలు వద్దు. ముందే రాసుకోకపోతే పదో ఇంటి దగ్గర అలసిపోయి, నచ్చని ఇంటికి మనమే సాకులు వెతికిపెడతాం.

ఇన్నింటిలోనూ మనం మార్చగలిగేది ఒకటుంది, అగ్రిమెంటు. అదీ సంతకం పెట్టే దాకానే. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, అందులోంచి దేనికి కోసుకుంటారు, రంగు ఖర్చు ఎవరిది, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత నోటీసు, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది, గీజరు, మోటారు లాంటివి పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, ఓనరు రావాలంటే ముందు చెప్పాలా. "అరిగిపోయినవి" అని ఊరికే రాస్తే ఖాళీ చేసే రోజు గొడవ అక్కడే మొదలవుతుంది. వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు కోత ఉండదని ఒక వాక్యం చేర్పించండి. "ఆ పంపు వచ్చేలోపు మార్పిస్తాం" అన్న నోటిమాట ఏదైనా సరే, తేదీతో సహా కాగితం మీదికి రావాలి. ఈ మాటలకే చిరాకుపడే ఓనరు, రేపు సీలింగు కారినప్పుడు ఫోన్ ఎత్తుతాడని నేను నమ్మను. ఓనరు స్వభావం కూడా మనం మార్చలేనిదే, దాన్ని చూసే అవకాశం ఈ గంటలోనే దొరుకుతుంది.

తాళాలు చేతికొచ్చిన రోజు సామాను దించకముందే ఖాళీ ఇంటిని వీడియో తీయండి. ప్రతి గోడ, ప్రతి టైలు పగులు, సింకు కింద చెక్క, కిటికీ గడియలు కనబడాలి. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల అంకెలు స్పష్టంగా ఫొటో తీసి, అన్నీ ఆ రోజే ఓనరుకు పంపండి. పాత అద్దెదారు దగ్గర ఇంకో తాళంచెవి లేదని ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఓనరు అనుమతితో బయటి తలుపు తాళం మార్పించండి. పాత తాళాన్ని సంచిలో కట్టి దాచి ఉంచితే, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి ఇవ్వొచ్చు.